బయలు అంచున రాతి ఇల్లు

డార్ట్‌మూర్ మీద మొదటగా ఇల్లు కట్టుకున్న మనిషికి గాలి ఎటు నుంచి కొడుతుందో బాగా తెలుసు. నైరుతి ఇంగ్లండులోని డెవన్ కౌంటీలో 954 చదరపు కిలోమీటర్ల నేషనల్ పార్కు అది. పంటపొలాలు అంచుల దగ్గరే ఆగిపోతాయి. ఆపైనంతా ఎత్తైన బయలు. గడ్డి, హెదర్ పొదలు, ఊబి నేలలు, కొండల నెత్తిన రాతి గుట్టలు, వాటన్నిటి మీదా విశాలమైన ఆకాశం. అట్లాంటిక్ నుంచి వచ్చే గాలికి అడ్డుపడేది ఏదీ లేదు. అలాంటి చోట గ్రిమ్స్‌పౌండ్ అనే కంచుయుగపు పల్లె ఆనవాళ్లున్నాయి. చుట్టూ రాతి గోడ, లోపల 24 గుండ్రని ఇళ్ల పునాదులు. మూడువేల ఏళ్లు దాటిన ఆ ఇళ్లలో ఒకదాని గుమ్మం దగ్గర ఆగి చూడాలి. గుమ్మం ముందు రాళ్లతో చిన్న వసారాలాంటిది కట్టి, దాన్ని ఒక పక్కకు వంపు తిప్పారు, గాలి తిన్నగా లోపలికి దూరకుండా. కప్పు ఎప్పుడో పోయింది. గోడలు కొద్దెత్తున మిగిలాయి. ఆ వంపు మాత్రం ఉంది. లోపల నిప్పు ఉండేదనీ, దాన్ని ఆరనివ్వకూడదని ఒక మనిషి ఆలోచించాడనీ ఆ నాలుగు రాళ్లను చూస్తే తెలిసిపోతుంది.

అక్కడి నుంచి నడిచి వెళ్లగలిగిన దూరంలోనే లెటఫర్డ్ అనే బుల్లి పల్లె ఉంది. అందులో సాండర్స్ అనే ఇల్లు ఉంది. 1500 ప్రాంతంలో కట్టిన రైతు ఇల్లు. ఇప్పుడు సెలవులకు అద్దెకిస్తారు. ఐదుగురు పడుకోవచ్చు. పాడుబడిపోతున్న పాత కట్టడాలను బాగుచేసి, వాటిని అద్దెకిచ్చి, ఆ డబ్బుతోనే వాటిని నిలబెట్టే ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ చేతిలో ఉందది. జాన్ స్మిత్, క్రిస్టియన్ స్మిత్ అనే దంపతులు 1965లో స్థాపించిన సంస్థ అది. కోటలూ బురుజులూ కూడా ఆ సంస్థ ఇళ్లలో ఉన్నాయి. నా మనసు మాత్రం ఈ రైతు ఇంటి దగ్గరే ఆగిపోయింది. ఇంగ్లండులో నేను చూసిన ఇళ్లన్నిటిలోకీ అందమైనది ఏదంటే తడుముకోకుండా దీన్నే చెబుతాను.

అందం అంటున్నాను గానీ, మొదటిసారి చూసినవారికి అలా అనిపించకపోవచ్చు. ఇల్లు పొడుగ్గా, పొట్టిగా నేలకు అంటుకుని ఉంటుంది. కిటికీలు చిన్నవి. చెక్కడాలు, నగిషీలు అనదగ్గవి లేవు. బూడిదరంగు గ్రానైటు దిమ్మలు, ఒక్కొక్కటి ఎంత పెద్దదంటే దాన్ని అక్కడిదాకా ఎలా తెచ్చారా అని ఆలోచనలో పడతాం. దూరం నుంచి చూస్తే ఇల్లెక్కడ మొదలైందో, కొండ ఎక్కడ ఆగిందో చప్పున పోల్చుకోలేం. ఈ ఇంటి అందాన్ని చూడాలంటే దాన్ని కట్టినవాడి అవసరం తెలియాలి.

ఇలాంటి కట్టడాన్ని లాంగ్‌హౌస్ అంటారు. మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద బతికిన ఇల్లు. డార్ట్‌మూర్‌లోనే హౌండ్ టోర్ దగ్గర మధ్యయుగంలో ఖాళీ అయిపోయిన ఒక పల్లెను తవ్వి తీశారు. అక్కడి ఇళ్ల పునాదులదీ ఇదే పద్ధతి. ఏటవాలు నేల మీద, వాలు వెంబడి పొడుగ్గా కడతారు. ఎగువ సగంలో మనుషులు, దిగువ సగంలో పశువులు. ఆ దిగువ సగాన్ని అక్కడి వాళ్లు షిప్పన్ అంటారు. మధ్యలో ఇంటిని అడ్డంగా దాటే సన్నని నడవ. మనుషులకూ పశువులకూ పెద్ద గుమ్మం ఒకటే. మనిషీ ఆవూ ఆ గుమ్మంలోంచే వచ్చేవారు. మనిషి ఎగువకు తిరిగితే, ఆవు దిగువకు తిరిగేది. పశువుల వైపు నేలలో నడిమధ్యన రాతితో కట్టిన కాలువ ఉంటుంది. పేడనీళ్లు వాలు వెంబడి బయటికి పోతాయి గానీ ఎగువన పొయ్యి ఉన్న వైపు రావు. చలికాలంలో పశువుల ఒంటి వేడి ఇంటికి చేరేది. రాత్రి ఆవు ఈనితే రైతు మంచులో బయటికి పోనక్కర్లేదు. మొదట్లో పొగగూళ్లు కూడా లేవు. గది నడుమ నిప్పు పెట్టుకుంటే పొగ కప్పులోంచి తన దారి తాను చూసుకునేది. పొగగూళ్లు, మేడ గదులు తర్వాతి తరాలవారు చేర్చినవి.

ఆ నడవలో నిలబడితే ఇంటి అంతరార్థం అక్కడే బోధపడుతుంది. కాలి కింది బండలు అరిగి నున్నబడ్డాయి. ఒక చేతి వైపు గోడకు అవతల వంటా మాటా, మరో చేతి వైపు పశువుల చోటు. గడప ఒకటే కాబట్టి ఈ రెండు బతుకులకూ మధ్య ఎక్కువతక్కువలు లేవు. పూర్వం ఈ బండ మీద గిట్టల చప్పుడూ, పాలబిందె చప్పుడూ, పిల్లల పరుగుల చప్పుడూ కలిసే వినబడి ఉంటాయి. ఇప్పుడు సెలవులకు వచ్చిన కుటుంబం బురద బూట్లు అక్కడే విడుస్తుంది. తడిసిన కోట్లు అక్కడే తగిలిస్తుంది. ఐదువందల ఏళ్ల కిందట ఏ పని కోసం ఆ చోటు పుట్టిందో, నేటికీ దాదాపు అదే పని. బయటి నేలను లోపలికి రానిచ్చేది ఎంతవరకో ఆ నడవే తేలుస్తుంది.

పదకొండో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణం ఔచిత్యమన్నాడు. దేని చోట అది ఉండటం, ఎంత కావాలో అంతే ఉండటం. ఆయన మాట కావ్యాల గురించే అయినా, ఈ ఇంటి ముందు నాకు ఆయనే గుర్తొచ్చాడు. ఇందులో ఊరికే ఉన్నదంటూ ఏదీ లేదు. ఇల్లు పొట్టిగా ఉన్నది గాలి కోసం. గోడ మందంగా ఉన్నది చలి కోసం. కిటికీ చిన్నగా ఉన్నది లోపలి వేడి కోసం. వాలు మీద కట్టింది పేడనీళ్ల కోసం. ఒక్కొక్కటీ ఏదో ఒక కష్టానికి జవాబు. ఆ జవాబులన్నీ పోగుపడి అందమయ్యాయి. అందంగా కట్టాలని ఆ రైతు అనుకున్నాడో లేదో చెప్పలేను గానీ, అంత పెద్ద దిమ్మలను అంత ఒద్దికగా, అంచుకు అంచు ఆనించి పేర్చినవాడికి తన పని మీద మమకారం లేదంటే నేను నమ్మను.

ఆ రాయి గురించి ఇంకాస్త చెప్పాలి. డార్ట్‌మూర్ గ్రానైటు వయసు సుమారు 28 కోట్ల ఏళ్లు. దగ్గరగా ముఖం పెట్టి చూస్తే బూడిదరంగు పొడి మధ్యన తెల్లని పొడుగాటి పలుకులు కనబడతాయి. ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలవి. కొన్ని చోట్ల బొటనవేలంత ఉంటాయి. వాటి పక్కన గాజుముక్కల్లా క్వార్ట్జ్, నల్లగా మెరిసే అభ్రకం. వాన పడ్డాక సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడితే ఆ గోడ వెయ్యి చిన్న చిన్న మెరుపులతో కదిలినట్టు ఉంటుంది. ఆ పలుకుల మీద వేలు పెట్టి రాస్తే గరుకు. గోడ మీద ఆకుపచ్చా నారింజా మచ్చలుగా లైకెన్ పాకి ఉంటుంది. పూర్వం ఇక్కడి ఇళ్లకు రాయిని గని తవ్వి తీసేవారు కాదు. బయలు మీద పడి ఉన్న రాళ్లనే ఏరి, చీల్చి, చెక్కి వాడుకునేవారు. కొండ నెత్తిన ఉన్న రాయి కాస్త కిందికి దిగి గోడ అయింది, అంతే.

హైదరాబాదు చుట్టుపక్కల పెరిగిన కంటికి ఈ కొండలు వెంటనే చుట్టరికం కలుపుతాయి. డార్ట్‌మూర్ కొండల నెత్తిన బండ మీద బండ పేర్చినట్టు నిలబడే గుట్టలను టోర్ అంటారు. హే టోర్, హౌండ్ టోర్, బౌవర్‌మన్స్ నోజ్, ఒక్కొక్కదానికీ ఒక పేరు. మన గోల్కొండ దారిలో, గచ్చిబౌలి వైపు విశ్వవిద్యాలయ ఆవరణలో ఉన్న పుట్టగొడుగు బండ దగ్గర చూసే గుండ్లకూ వీటికీ పుట్టుక ఒకే తీరు. నేల లోపల ఉండగానే గ్రానైటు పగుళ్ల వెంట నీరు దిగి, మూలలు తిని, గుండ్రటి గుండ్లను మిగులుస్తుంది. పైమట్టి కొట్టుకుపోయాక అవి బయటపడతాయి. మన దక్కను గ్రానైటు వీటికన్నా ఎన్నో రెట్లు పాతది, రమారమి 250 కోట్ల ఏళ్లది. అక్కడ మన గుండ్లను పేల్చి కాలనీలు లేపాం. ఇక్కడ గుండ్లు కొండ మీదే ఉన్నాయి, వాటి కింద గొర్రెలు పడుకుంటున్నాయి. హే టోర్ గ్రానైటును కూడా తవ్వి లండన్ బ్రిడ్జికి పంపిన కాలం ఒకటుంది. రాతి పట్టాల మీద బళ్లు నడిపిన 1820 నాటి దారి ఇప్పటికీ గడ్డిలో కనబడుతుంది. అయినా కొండ కొండగానే మిగిలింది. ఈ మాట అసూయతోనే రాస్తున్నాను.

ఇక గుమ్మం దాటి బయలు మీదికి. ఏ నెలలో వెళ్లినా ఒక శోభ ఉంది గానీ ఆగస్టు నెలాఖరు శోభ వేరు. హెదర్ పూస్తుంది. ముదురు ఊదా బెల్ హెదర్, లేత ఊదా లింగ్, వాటి మధ్యన పసుప్పచ్చగా పొట్టి గోర్స్. కొండ వాలంతా ఊదా, పసుపు నేసిన నేత. ఆ పూలు దగ్గర్నుంచి చూస్తే వడ్లగింజకు మించవు, ఒక్కొక్కటీ చిన్న గంట. మోకాళ్ల మీద కూర్చుని చూస్తే తప్ప ఆ గంట కనబడదు. లేచి నిలబడితే పువ్వు పోయి రంగు మిగులుతుంది. ఇంకాస్త దూరం పోతే రంగు కూడా పోయి ఒక ఛాయ మాత్రం కొండకు అంటుకుని ఉంటుంది. వసంతంలో వచ్చినవారికి పెద్ద గోర్స్ పొదలు ఎదురవుతాయి. ఒళ్లంతా ముళ్లు, ముళ్ల నిండా పసుపు పువ్వులు. ఎండ కాసిన పూట వాటి దగ్గరికి పోతే పచ్చికొబ్బరి వాసన! ఇంగ్లండు కొండ మీద, చలిగాలిలో, ఎవరో వాకిట్లో కొబ్బరి కోరుతున్నట్టు. మా పిల్లలు నమ్మక మళ్లీ మళ్లీ వాసన చూశారు. అదే రుతువులో స్కైలార్క్ పిట్ట పాడుతూ నిటారుగా ఆకాశంలోకి ఎక్కిపోతుంది. కంటికి కనబడదు. పాట మాత్రం పైనుంచి ఆగకుండా రాలుతూనే ఉంటుంది.

బురద నేలల దగ్గర నడక నెమ్మదించాలి. వేల ఏళ్లుగా నాచూ గడ్డీ కుళ్లీ కుళ్లకుండా పేరుకున్న పీట్ నేల అది. వాననీటిని పట్టి ఉంచి కొంచెం కొంచెంగా వదులుతుంది. డార్ట్, టీన్, టావీ నదులు అక్కడే పుడతాయి. ఆ నేల మీద సన్‌డ్యూ అనే మొక్క ఉంటుంది, రూపాయి బిళ్లంత. గుండ్రటి ఆకుల చుట్టూ ఎర్రటి వెంట్రుకలు, ప్రతి వెంట్రుక కొసనా ఒక జిగురు బొట్టు. మంచుబొట్టనుకుని వాలిన దోమ ఇక లేవదు. ఆకు మెల్లగా ముడుచుకుంటుంది. ఇంత పెద్ద ఆకాశం కింద అంత చిన్న నాటకం!

నాట్యశాస్త్రకర్త భరతుడి లెక్కన చూస్తే ఈ బయలుకు అద్భుతం స్థిరమైన రసం. అయితే ఇక్కడి వాతావరణం సంచారి భావాల్లా క్షణానికొకటిగా వచ్చిపోతుంటుంది. ఎండ ఉండగానే వాన, వాన వెలిసేలోపు ఇంద్రధనుస్సు, అది కరిగేలోపు పొగమంచు. పొగమంచు వచ్చిందంటే అద్భుతం భయానకంలోకి జారిపోతుంది. దారి పోతుంది. కొండ పోతుంది. పది అడుగుల దూరంలో ఉన్న గొర్రె పెద్ద మృగంలా కనబడుతుంది. 1901లో ఈ ప్రాంతంలో తిరిగిన కానన్ డాయిల్, షెర్లాక్ హోమ్స్‌ను ఇక్కడి రాతి గుడిసెల్లో ఒకదానిలో దాచిపెట్టాడు. బాస్కర్‌విల్స్ వేటకుక్క నవలకు ఈ పొగమంచు లేకపోతే సగం ప్రాణం లేదు.

ఆ మంచులోంచి దిక్సూచి పట్టుకుని, గోడ వెంబడి నడిచి, పల్లె దారిలోకి దిగి, గుమ్మం తలుపు తోసి నడవలో నిలబడినప్పుడు కలిగేది శాంతం. దాన్ని రసమని ఒప్పుకోవడానికి మన ఆలంకారికులు ఎంతో వాదులాడుకున్నారు. వాళ్లలో అభినవగుప్తుడు ఒప్పుకున్నాడు, ఒప్పుకుని అన్నిటికీ మూలమన్నాడు. ఈ ఇంట్లో ఒక సాయంత్రం గడిపినవారు అభినవగుప్తుడి పక్షమే చేరతారు. బయట గాలి ఇంటి కప్పును తడిమి, పట్టు దొరకక పోతుంది. లోపల ఆ గాలి చప్పుడు వినబడుతుంది గానీ దీపం కదలదు. వినబడటం ముఖ్యం. గాలి అసలు వినబడకపోతే ఈ ఇల్లు అన్ని ఇళ్లలాంటిదే అయ్యేది. వెనక అంత భయం ఉంది కనుకే ఈ నెమ్మదికి అంత రుచి.

లోపల పెద్దగా ఏమీ ఉండదు. బండలు పరిచిన నేల, లావాటి దూలాలు, నిలువెత్తు మనిషి వంగి దూరగలిగినంత పొయ్యి. ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ వారి ఇళ్లలో టీవీ ఉండదు. పుస్తకాల అర ఉంటుంది. ఆ ఇంటి చరిత్ర రాసిన సంపుటం ఉంటుంది. వచ్చినవాళ్లు తమ మాటలు రాసిపెట్టే లాగ్‌బుక్ ఉంటుంది. కిటికీ గురించి ప్రత్యేకంగా రెండు మాటలు చెప్పాలి. గోడ మందం వల్ల కిటికీ దగ్గర లోతైన గూడు ఏర్పడుతుంది. పిల్ల ఒకర్తి అందులో కాళ్లు ముడుచుకుని కూర్చుని పుస్తకం చదువుకోవచ్చు. వెలుతురు ఆ గూడు పక్కగోడలను తాకి, మెత్తబడి, గదిలోకి వస్తుంది. ఎంత ఎండ అయినా ఆ గదిలోకి వచ్చేసరికి సాయంత్రపు వెలుగే. కిటికీలోంచి కనబడేది జానెడు బయలు. మొత్తం బయలును చూసి వచ్చిన కళ్లకు ఆ జానెడు చాలు. ఎదుటి దృశ్యమంతా కనబడేలా గోడ నిండా అద్దాలు పెట్టి కట్టే ఇప్పటి సెలవు ఇళ్లు నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. అవి బయటిదంతా ఒకేసారి చూపించేస్తాయి, బయటికి వెళ్లాలన్న కోరిక మిగల్చవు.

రాత్రి పొయ్యి ముందు అందరూ చేరతారు. చేరక తప్పదు, వెచ్చదనం ఉన్నది అక్కడే మరి. మా పెద్దవాళ్లు చారు అన్నం తిని పీట దగ్గరికి లాక్కుని కూర్చుంటే, ఇంట్లో ఎవరి గదిలో వాళ్లుండే పిల్లలు ఇక్కడ వాళ్ల ఒళ్లోకే వచ్చారు. నాన్నమ్మ కట్టెలు ఎలా పేర్చాలో చెప్పింది. ఏ దేశం పొయ్యి అయినా నిప్పు నిప్పే. ఆ మాట విని మనవడు ఊదుగొట్టం కోసం ఇల్లంతా వెతికాడు. కుటుంబంతో వెళ్లమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. ఈ ఇల్లు పుట్టిందే ఒక కుటుంబం ఒక నిప్పు చుట్టూ కూర్చోవడానికి.

బయలును చూసినవారు అది ఎవరూ ముట్టని ప్రకృతి అనుకుంటారు. నిజానికి ఒకప్పుడు ఇక్కడ చెట్లుండేవి. కంచుయుగపు మనుషులూ వారి ముందువారూ వాటిని చాలావరకు నరికారు. ఆ తర్వాత వేల ఏళ్లుగా మేత ఈ నేలను తెరిచి ఉంచింది. మేత మానేస్తే గోర్స్, ఫెర్న్ కమ్ముకుంటాయి, తర్వాత చెట్లు లేస్తాయి. నేటికీ చుట్టుపక్కల రైతులకు ఈ ఉమ్మడి నేల మీద పశువులను మేపుకునే హక్కు ఉంది. స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కనబడే ప్రతి డార్ట్‌మూర్ పోనీకీ ఒక యజమాని ఉన్నాడు. శరదృతువులో వాటన్నిటినీ తోలుకొచ్చి ఎవరివి వారు ఏరుకుంటారు. కాబట్టి బయలూ ఇల్లూ రెండూ ఒకే చేతుల పని. గడప లోపల ఊడ్చి పెట్టుకున్నట్టే గడప బయట మేపి పెట్టుకున్నారు. ఈ సంగతి తెలిశాక ఊదా రంగు కొండ నాకు మరింత అందంగా కనబడింది. సరిగ్గా అక్కడే మనసుకు ఒక నొప్పి కూడా ఉంది. ఇలాంటి పల్లెల్లో ఇళ్లు సెలవులకే అయిపోతే, పశువులను మేపేవారి పిల్లలకు ఉండటానికి ఇల్లు దొరకదు. మేపేవారు లేకపోతే సెలవులకు వచ్చి చూడటానికి ఈ బయలే ఉండదు. పాడుబడబోయిన సాండర్స్‌లాంటి ఇంటిని అద్దెల మీద నిలబెట్టడం వేరు, నిక్షేపంగా ఉన్న ఇంటిని ఏడాదిలో ఎక్కువ భాగం తాళం వేసి ఉంచడం వేరు. మొదటిదానికి నా ఓటు.

వెళ్లాలనుకునేవారికి ఒక మాట. ఆగస్టులో బడులకు సెలవులు గనుక ఇల్లు చాలా ముందుగా మాట్లాడుకోవాలి. సెప్టెంబరు మొదటి వారాల్లోనూ హెదర్ రంగు కొంత ఉంటుంది, జనం తగ్గుతారు. డార్ట్‌మూర్ ఉమ్మడి నేల మీద కాలినడకన తిరిగే హక్కు 1985 చట్టం అందరికీ ఇచ్చింది, దాన్ని నిండుగా వాడుకోండి. వానకోటు, మంచి బూట్లు, పటం, దిక్సూచి లేకుండా గడప దాటవద్దు. పోనీలు దగ్గరికి వచ్చినా తిండి పెట్టకండి, అది అక్కడి నిబంధనలకు విరుద్ధం, వాటికీ చేటు. దారిలో మీరు తెరిచిన ప్రతి గేటునూ మీరే మూసి రండి.